చూరు, మోరీ, కొళాయి: జవళగిరి నోటుబుక్కు

2 అక్టోబర్ 2024, బుధవారం

గ్రామసభ ముగిసి కుర్చీలు ఎత్తుతా ఉంటే పడమటి వీధి అక్క నా దగ్గరికి వచ్చింది. పక్కింటి రేకుల చూరు నీళ్లు ఆమె గోడ మీదే పడుతున్నాయి. మట్టిగోడ. అడుగున జానెడు మేర నాని, తడిమితే రాలుతోందట. ఇల్లు దగ్గరే కాబట్టి తీసుకుపోయి చూపించింది. గోరుతో ఒక్క గీత గీస్తే గోరు కింద ఎర్రమట్టి నిలిచింది.

"చెప్తే వినరు అన్నా. రూలు ఉండాదంట కదా. అది యాడ ఉండాది? దాన్నే చూపిస్తాను వాళ్లకి."

నష్టం ఇప్పించమని అడుగుతారు, ఆఫీసరుతో మాట్లాడమని అడుగుతారు. రూలు చూపించమని అడిగిన మనిషిని చాలా కాలానికి చూశాను. ముప్పై ఏళ్లుగా అర్జీలు రాస్తున్నాను. అక్కడికక్కడ చెప్పలేకపోయాను. రెండు రోజులు గడువు అడిగాను.

5 అక్టోబర్, శనివారం

దొరికింది. కానీ ఒక్క చోట కాదు.

ముందు 1994 తమిళనాడు పంచాయతీల చట్టం తిరగేశాను. తర్వాత 2019 నాటి ఉమ్మడి కట్టడ నిబంధనలు. ఇల్లు కట్టేవాళ్లు చుట్టూ ఎంత జాగా వదలాలో అవి చెబుతాయి, పక్కిల్లు అంతకు ముందుది. అసలు జవాబు 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో, 15వ సెక్షనులో ఉంది. పక్కవాడి జాగాలో నీళ్లు వదిలే హక్కు ఊరికే రాదు. ఇరవై ఏళ్లు ఎవరూ అడ్డుకోకుండా, అందరూ చూస్తుండగా, హక్కుగా వదులుతూ వచ్చి ఉండాలి. ఆ రేకులు వేసి ఆరేళ్లు. అక్క మాటకు బలం ఉంది.

ఒక తడి గోడ కోసం 1882, 1994, 2019 మూడూ తెరవాల్సి వచ్చింది. పుస్తకాలు ఇంట్లో పెట్టుకుని, చదవడం వచ్చిన నాకే మూడు రాత్రులు పట్టింది.

9 అక్టోబర్, బుధవారం

తళి బజారులో రెండు వందల పేజీల లాంగ్ నోటు కొన్నాను. మొదటి పేజీలో తేదీ వేశాను.

పంచాయతీల చట్టం ఏ వరసలో నడుస్తుందో చూస్తే, రాసినవాళ్లు ఎక్కడ నిలబడి రాశారో తెలుస్తుంది. గ్రామసభ 3వ సెక్షను. ఊరికి దీపం, దారి, మోరీ, బావి చూడాల్సిన బాధ్యత 110. లైసెన్సు లేకుండా ఏ జాగాలో ఏ పని చేయకూడదో చెప్పేది 159. ఇంటి పన్ను 172. సంస్థ ఎలా పుట్టాలి, ఎవరు కూర్చోవాలి, వాళ్లకు ఏ అధికారాలు, తర్వాత డబ్బు. ఆఫీసు నడిపేవాడికి అది సరైన వరసే. గోడ నానిన మనిషి మాత్రం గోడ దగ్గర మొదలుపెడుతుంది.

అందుకే నా నోటులో సెక్షన్ల వరస వద్దనుకున్నాను. తలుపు తీసి బయటికి వచ్చిన మనిషికి ఏది ముందు కనబడుతుందో ఆ వరస. చూరు. గోడ. మోరీ. కొళాయి. వీధి దీపం. ఆవు. అంగడి. సమాధి. ఒక్కొక్కదానికి నాలుగు పేజీలు వదిలాను. ఎడమ పేజీలో మాట, కుడి పేజీలో అది ఏ చట్టం, ఏ సెక్షను, ఏ తేదీ వరకు నేను సరిచూశానో.

ఆ చివరి తేదీ లేకపోతే ఈ నోటు ఒక ఏడాదిలో అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది.

18 అక్టోబర్, శుక్రవారం

హోసూరు పోయి వచ్చాను. మూకండపల్లిలో చిన్నమ్మ కొడుకు ఇల్లు. మిషన్ల నూనె వాసన వీధంతా. వాడు తన ఇంటి పన్ను రసీదులన్నీ అట్టపెట్టెలో వరసగా దాచి పెట్టాడు. ఆ పెట్టె ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం.

2011కి ముందు మూకండపల్లి గ్రామ పంచాయతీ, కాబట్టి వాడి ఇంటికి 1994 చట్టం. 2011లో జూజువాడి, ఆవలపల్లి, మత్తిగిరులతో పాటు హోసూరు మునిసిపాలిటీలో కలిసింది. అప్పుడు 1920 నాటి జిల్లా మునిసిపాలిటీల చట్టం వచ్చి పడింది. 2019లో హోసూరు కార్పొరేషన్ అయింది, మరో చట్టం. 2023 ఏప్రిల్ 13 నుంచి నగర స్థానిక సంస్థల చట్టం. పన్నెండేళ్లలో నాలుగు. ఇల్లు ఇంచు కదల్లేదు.

"పేరు మారిందే తెలుసుగానీ చట్టం మారిందని ఎవురూ చెప్పలే అన్నా" అన్నాడు వాడు. రసీదు మీద సంస్థ పేరు మాత్రమే ఉంటుంది, చట్టం పేరు ఉండదు.

2019 చట్టం సంగతి వాడికి వివరంగా చెప్పాను. కార్పొరేషన్ అయినప్పుడు హోసూరుకు సొంత చట్టం చేశారు, నాగర్‌కోయిల్‌కూ అప్పుడే. కానీ పని అంతా 1981 నాటి కోయంబత్తూరు నగర కార్పొరేషన్ చట్టంది. దాన్నే ఇక్కడికి వర్తింపజేశారు. హోసూరు మనిషి తన ఊరి చట్టం చదవాలంటే కోయంబత్తూరు చట్టం తెచ్చుకుని, కోయంబత్తూరు అన్నచోట హోసూరు అని మనసులో దిద్దుకుంటూ పోవాలి. సేలం, తిరుప్పూరు, ఈరోడు ఒక్కొక్కటీ కార్పొరేషన్ అయిన కొద్దీ ఇలాంటి చట్టాలే పుట్టాయి.

వీటన్నిటినీ ఒక్క అట్ట కిందికి తేవాలన్న ఆలోచన కొత్తది కాదు. నగర స్థానిక సంస్థల చట్టం పేరులోనే 1998 అని ఉంది. 2000 ఆగస్టులో అమలుకు తెచ్చి అదే నెలలో ఆపేశారు. ఇరవై రెండేళ్లు బీరువాలో పడుకుని, సవరణలు చేసుకుని, 2023లో నిబంధనలతో సహా లేచింది. పట్టణ పంచాయతీ, మునిసిపాలిటీ, కార్పొరేషన్ మూడింటికీ ఒకటే ఇప్పుడు. ఇది మంచి పని. మూకండపల్లి పెట్టెలో రసీదులు చూసినవాడెవడూ కాదనడు. తెలంగాణలోనూ 1965 నాటి మునిసిపాలిటీల చట్టం బదులు 2019లో కొత్తది తెచ్చారు.

బస్సు దిగేసరికి చీకటి. తళి దాటాక చలి మొదలైంది.

3 నవంబర్, ఆదివారం

నాయన ట్రంకు పెట్టె దింపాను. నాయన కరణం. 1958 పంచాయతీల చట్టం ప్రతి ఒకటి పెట్టెలో అడుగున ఉంది, అట్ట చెదలు తిన్నది.

పుస్తకం మందం అచ్చువేసిన నాటికి రెట్టింపు. కారణం సవరణ చీటీలు. సవరణ వచ్చినప్పుడల్లా కొత్త మాటను సన్నగా కత్తిరించి మైదా గంజితో పాత వాక్యం మీద అతికించేవాడు నాయన. పై అంచు మాత్రమే అతికించేవాడు, చీటీ ఎత్తితే కింది మాట కనబడేలా. ఒక పేజీలో మూడు చీటీలు ఒకదాని మీద ఒకటి. వేలి కొనతో ఒక్కొక్కటీ ఎత్తి చదివాను. పై చీటీ చివర పెన్సిలుతో నాయన రాత, అది ఏ తేదీ నుంచి చెల్లుతుందో.

ఆయన ఎందుకలా చేశాడో ఇప్పుడు అర్థమైంది. పాత చట్టం పోయినంత మాత్రాన పాత చట్టం కింద జరిగింది పోదు. కొత్త చట్టాల్లో దానికి చివర ఒక సెక్షను ఉంటుంది. రద్దు అని చెప్పి, వెంటనే, ఆ చట్టం కింద ఇచ్చిన లైసెన్సులూ వేసిన పన్నులూ మొదలైన కేసులూ చెడవు అని చెబుతుంది. సేవింగ్స్ సెక్షను అంటారు. జనం అడిగే ప్రశ్నల్లో సగానికి జవాబు అక్కడే, పుస్తకం చిట్టచివర. ఐదేళ్ల కిందటి తగాదాకు ఐదేళ్ల కిందటి వాక్యం కావాలి. దాన్ని గంజితో పూర్తిగా మూసేస్తే తగాదా పడిన మనిషికి ఆధారం లేకుండా పోతుంది.

నా నోటులో కొట్టివేతలు ఉండవు. ఒక్క గీత, పక్కన తేదీ. కింది అక్షరాలు కనబడాలి.

14 నవంబర్, గురువారం

1980లో ఇదే రోజు తమిళనాడులో కరణాల, మణియగాళ్ల ఉద్యోగాలు రద్దయ్యాయి. నాకు ఇరవై రెండేళ్లు. నాయన లెక్కలు అప్పగించి వచ్చి పెరట్లో బావిగట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. ఆంధ్రలో 1984లో అదే జరిగింది.

తండ్రి నుంచి కొడుక్కి పోయే ఉద్యోగం పోవడం న్యాయమే. ఆ మాట నాయన బతికుండగా ఆయనతోనే అన్నాను. కానీ ఏ ఇంటికి ఏ హద్దు, ఏ కాలువ ఎవరి పొలం మీదుగా అన్నది ఊరి భాషలో చెప్పే మనిషి కూడా ఆ రోజుతో పోయాడు. ఆ ఖాళీలోకే నాలాంటి అర్జీల మనుషులం వచ్చాం.

20 నవంబర్, బుధవారం

మాటల దగ్గర ఆగిపోయాను. ఏ మాట రాయాలి?

ఆంధ్రా పుస్తకాల్లో ఆస్తి పన్ను అని ఉంటుంది. మా ముసలివాళ్లు కందాయం అంటారు. ఇక్కడి కౌంటరులో, రసీదులో సొత్తు వరి. లైసెన్సుకు తమిళంలో ఉరిమం. కొళాయికి కన్నడం ఇంట్లో నల్లి. తీర్మానం మాత్రం తమిళంలోనూ తెలుగులోనూ తీర్మానమే.

విజయవాడ తెలుగు రాస్తే ఇక్కడ ఎవరికీ పనికి రాదు. కందాయం అని మాత్రమే రాస్తే చదివిన మనిషి కౌంటరులో అడగలేదు. రెండూ రాస్తున్నాను. ముందు ఇంటి మాట, దాని పక్కనే తెలుగక్షరాల్లో కౌంటరు మాట. కందాయం, సొత్తు వరి. నోటిలో మన మాటతో అర్థం చేసుకుని, కిటికీ దగ్గర వాళ్ల మాటతో అడగాలి.

పోలీసు అర్జీల పేజీ కూడా ఈ రోజే సరిచేశాను. ఈ జులై 1 నుంచి 1860 నాటి శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన 420 ఇప్పుడు 318. నంబరు మారినా నేరం అదే. అయినా నిన్న ఒక పెద్దాయన 318 అని చదివి, తన ఫిర్యాదు మార్చేశారని భయపడి వచ్చాడు. పావుగంట కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. ఏ కొత్త పుస్తకానికైనా పాత నంబరు నుంచి కొత్త నంబరుకు దారి చూపే పట్టీ ముందు పేజీలోనే కుట్టాలి.

26 నవంబర్, మంగళవారం

రాజ్యాంగాన్ని ఆమోదించి నేటికి 75 ఏళ్లు.

348వ అధికరణం: శాసనాలకు, వాటి కింద చేసే నిబంధనలకు, ఉపవిధులకు చెల్లుబాటయ్యే పాఠం ఇంగ్లీషులో ఉండాలి. రాష్ట్రం తన భాషలో చేసుకుంటే ఇంగ్లీషు అనువాదం ప్రచురించాలి. 350వ అధికరణం: కష్టం చెప్పుకునే మనిషి కేంద్రంలోగానీ ఆ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చు. చాలా ఏళ్ల కిందట ఒక ఆఫీసులో నా తెలుగు అర్జీ కాగితం చదవకుండానే బల్ల మీద నుంచి వెనక్కి జరిపారు. ఆ రోజు నాకు 350 తెలీదు. తెలిసి ఉంటే అక్కడే నిలబడి ఉండేవాణ్ని.

అర్జీ మన భాషలో పెట్టుకోవచ్చు, సరే. మరి నిబంధన? 1961లో ముఖ్యమంత్రుల సమావేశం దాన్నీ ఒప్పుకుంది. ఒక ప్రాంతంలో 15 నుంచి 20 శాతం మంది వేరే భాష మాట్లాడితే, ముఖ్యమైన నోటీసులూ నిబంధనలూ ఆ భాషలో కూడా ప్రచురించాలి. మా తాలూకా ఆ గీతను ఎప్పుడో దాటింది. హోసూరు, డెంకణికోట, తళి, కెలమంగళం ఏ సంతలో నిలబడి విన్నా తెలుస్తుంది. 2006 చట్టం వచ్చాక పిల్లలు ఒకటో తరగతి నుంచి తమిళం చదువుతున్నారు, వాళ్లు చదివి చెప్పగలరు. వాళ్ల అమ్మలకు, అవ్వలకు ఎవరు చెబుతారు?

చట్టం తెలుగులో ఇమడదని ఎవరైనా అంటే నాకు కేతన గుర్తుకొస్తాడు. తిక్కనకు దశకుమారచరిత్ర అంకితమిచ్చిన కవి. కల్యాణి చాళుక్యుల ఆస్థానంలో విజ్ఞానేశ్వరుడు సంస్కృతంలో రాసిన మితాక్షరను 13వ శతాబ్దంలోనే తెలుగు పద్యాల్లో పెట్టి విజ్ఞానేశ్వరీయం అన్నాడు. అప్పు, వడ్డీ, పంపకం, హద్దు తగాదా, సాక్ష్యం అన్నీ తెలుగులో నిలబడ్డాయి. తెలుగుకు తెలుగులో వ్యాకరణం రాసినదీ ఆయనే. భాషకు నియమం, ఊరికి నియమం రెండూ ఒకే మనిషి చేతిలో. ఈ రాత్రి నాకు అది పెద్ద ఆసరా.

3 డిసెంబర్, మంగళవారం

ఫెంజల్ తుఫాను వాన. మా జిల్లాలోనే ఊత్తంగరైలో ఒక్క రోజులో 50 సెంటీమీటర్లు. బస్టాండు దగ్గర బండ్లు కొట్టుకుపోవడం ఫోనులో చూశాం. మా వైపు అంత లేదు.

మోరీ పేజీ తీసి మొత్తం మళ్లీ రాశాను. మోరీ ఎవరు తవ్వాలి, ఎవరు పూడిక తీయాలి, దాని మీద మెట్టు కట్టినవాడికి ఎవరు నోటీసు ఇవ్వాలి. మూడూ వేర్వేరు ప్రశ్నలు. ఒక్క వాక్యంలో కలిపి రాశాను ముందు, తప్పు.

అక్క గోడకు అడ్డంగా గోనెపట్టా కట్టారు.

11 డిసెంబర్, బుధవారం

రాగులు కోతకొచ్చాయి, ఏనుగులు వచ్చాయి. ఏటా ఇదే కాలంలో బన్నేరుఘట్ట వైపు నుంచి జవళగిరి అడవిలోకి దిగి, తళి, డెంకణికోట, సానమావు దాకా పోతాయి. నిన్న రాత్రి టపాసులు, తప్పెట్లు, అరుపులు. పొద్దున ఒక రైతు వచ్చాడు. ముప్పావు ఎకరా రాగి. వెన్నులు తినడం కన్నా తొక్కింది ఎక్కువ. అడుగు గుంటల్లో నీళ్లు ఊరి, అందులో గింజలు తేలుతున్నాయి.

"అర్జీ ఎవరికి రాయల్ల మామా? బందెల దొడ్డి చట్టం ఉండాదంట కదా, పొలంలో పడిన గొడ్డుకి."

బందెల దొడ్డి అనేది ఊళ్లో మాట, చట్టం పేరు 1871 పశువుల అతిక్రమణ చట్టం. మూలం తెరిచి చదివాను. పశువు అంటే ఏమిటో చెప్పే 3వ సెక్షనులో మొదటి పేరే ఏనుగు. తర్వాత ఒంటె, ఎనుము, గుర్రం, గాడిద, పంది, మేక. అసలు ప్రతిలో బందె రుసుము ఏనుగుకు 2 రూపాయలు, ఒంటెకూ ఎనుముకూ 8 అణాలు. అది యజమాని ఉన్న ఏనుగు. బరువులు మోసే ఏనుగులు ఊళ్లలో తిరిగిన కాలం రాత. అడవి నుంచి వచ్చిన గుంపుకు యజమాని లేడు. దాని సంగతి 1972 వన్యప్రాణి రక్షణ చట్టం, నష్టపరిహారం అర్జీ అటవీ రేంజి ఆఫీసుకు. 2014 నుంచి ఈ అడవి కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యం కూడా.

అర్జీ రాసి పంపాను. తర్వాత నోటులో ఏనుగును ఎక్కడ పెట్టాలని ఆలోచించాను. చట్టం ప్రకారం అడవి పేజీ. కానీ ఆ రైతు వెతికింది పశువుల పేజీ. ఆవు పేజీ చివర ఒక వరస రాశాను: ఏనుగైతే 61వ పేజీ చూడు. అడవి పేజీలో అసలు విషయం. తప్పు చోట వెతికిన మనిషిని కూడా సరైన చోటికి నడిపించాలి, వెతకడం రాలేదని పంపేయకూడదు.

22 డిసెంబర్, ఆదివారం

రోమ్ చక్రవర్తి జస్టీనియన్ గురించి మనవరాలు పాఠంలో చదివి వినిపించింది. పాత న్యాయవేత్తల పుస్తకాలు రెండు వేల దాకా చదివించి, ఏరి, యాభై పుస్తకాలుగా కుదించాడు. 533లో విడుదల. నడిపించినవాడు ట్రిబోనియన్. అది లాటిన్. రాజధానిలో జనం మాట్లాడింది గ్రీకు. చక్రవర్తి తర్వాత చేసిన కొత్త శాసనాలు ఎక్కువగా గ్రీకులోనే వచ్చాయి. చట్టం ఒక భాష, జనం ఒక భాష అన్న మా ఇబ్బంది అక్కడా ఉండేదన్నమాట.

6 జనవరి 2025, సోమవారం

2019 చివర ఎన్నికైన పంచాయతీల గడువు నిన్నటితో తీరింది. మా జిల్లాతో సహా 28 జిల్లాల్లో. ఇకనుంచి ప్రత్యేకాధికారి. తీర్మానాల పేజీలో నిన్నటి తేదీ వేసి గీత గీశాను. అధ్యక్షుడు అని రాసినచోటల్లా పక్కన ప్రత్యేకాధికారి అని చేర్చాను. పదకొండు చోట్ల.

17 జనవరి, శుక్రవారం

పండగ సెలవులు. అక్కను పిలిచి నోటు చేతిలో పెట్టాను. "నీ చూరు సంగతి వెతుకు" అని మాత్రం చెప్పి పక్కకు జరిగాను.

చూరు పేజీకి పోలేదు. గోడ పేజీ తీసింది. అక్కడ ప్రహరీ గోడల గురించి ఉంది. చదివింది, తిప్పింది, మోరీ పేజీకి పోయింది. నీళ్లు కదా అని. అక్కడా లేదు. నాకు గుండె బరువెక్కింది. మూడు నెలల పని. మనవరాలు నా చెయ్యి నొక్కి మాట్లాడొద్దంది.

"పాడయ్యేది గోడ కదా అన్నా. చూరు వాళ్లది. నాది గోడ."

ఆమె చెప్పింది నిజం. నేను తప్పు ఎవరి దగ్గర మొదలైందో దాని పేరు పెట్టాను. ఆమె బాధ ఎక్కడుందో అక్కడ వెతికింది. రాత్రికి రాత్రి మనవరాలూ నేనూ చివరి పన్నెండు పేజీల్లో ఒక సూచిక కట్టాం. అకారాది క్రమం. గోడ తడి, గోడ బీట, గోడ హద్దు. ఒకే పేజీకి ఐదు దారులు. పిల్ల రాత నాదానికన్నా గుండ్రంగా ఉంది, సూచిక అంతా దానితోనే రాయించాను.

26 జనవరి, ఆదివారం

గ్రామసభ. ప్రత్యేకాధికారి ముందు అక్క తానే లేచింది. నోటు సంకలో ఉంది. 15వ సెక్షను, ఇరవై ఏళ్లు, రేకులు వేసి ఆరేళ్లు. ముందు తెలుగులో చెప్పి, తర్వాత వచ్చినంత తమిళంలో చెప్పింది. అది సివిల్ విషయం, పంచాయతీ తీర్పు చెప్పలేదని అధికారి అన్నాడు. సరిగ్గానే అన్నాడు, కుడి పేజీలో నేనూ అదే రాశాను. పక్కింటాయన మాత్రం వెనక వరసలో అంతా విన్నాడు. బయటికి వచ్చాక ఆమె చేతిలోని పేజీ అడిగి తీసుకుని నిలబడే చదివాడు. చూరుకు రేకుదోనె కట్టిస్తే నీళ్లు వీధి మోరీలోకి పోతాయా అని నన్ను అడిగాడు. మోరీ పేజీ చూపించాను. వచ్చే వారం కొలతలు తీస్తానన్నాడు.

ఇంటికి బయల్దేరుతుంటే అడవి అంచు పల్లె నుంచి వచ్చిన ఒకాయన ఆపాడు. కన్నడం ఇంటివాడు, తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు.

"కన్నడదల్లి బరీతీరా?"

నాకు కన్నడం మాట్లాడడం వచ్చు, రాయడం రాదు. ఆయన కొడుక్కి వచ్చట. పేజీ నంబర్లు, సెక్షన్లు, తేదీలు నావి, రాత ఆ అబ్బాయిది అని అనుకున్నాం. మొదటి పేజీ ఏది కావాలని అడిగాను. ఆవు అన్నాడు. ఏనుగు వరస మరిచిపోవద్దని చెప్పి, రేపు పొద్దున తళిలో ఇంకో లాంగ్ నోటు తెస్తానన్నాను.